ఎలుకకు కుదిరిన జబ్బు మనిషికి కుదురునా?

(ప్రసంగ పాఠము)

మదనపల్లె, నిమ్మనపల్లె ప్రాంతముల వారికి క్షయ అను మాట చెవిని బడగానే ఆరోగ్యవరము స్ఫురించును. గడచిన శతాబ్ది రెండవ దశకమున అచట వెలసిన చికిత్సాలయమునకు దక్షిణదేశము నలుమూలల నుండి రోగులు వచ్చిరి. ఊపిరితిత్తులను తినివేయు ఆ క్షయకు ఒక సూక్ష్మక్రిమి కారణమని రాబర్ట్ కాక్ 1882లో నిరూపించెను. నేడు నేను చెప్పబోవు క్షయ వేరొకటి. మెదడులోను, వెన్నుపాములోను ఉండు నాడీకణములు కాలక్రమమున నశించుట వలన కలుగు వ్యాధులకు నాడీక్షయ వ్యాధులని పేరు. తాతగారి చేయి వణకుట, అడుగు ముందుకు పడకుండుట, అవ్వ తన కన్నబిడ్డల పేర్లనే మరచిపోవుట, నడివయస్సు రాకమునుపే కొందరికి కాళ్లు కొయ్యబారుట - ఇవన్నియు ఆ వ్యాధుల రూపములు. మన యిండ్లలో వీనిని ముసలితనమనియో, వాతమనియో, గ్రహచారమనియో సరిపెట్టుకొనుట పరిపాటి. ఇంతలో ఒకనాడు పత్రికలో ఒక వార్త వచ్చును: "మతిమరుపునకు మందు కనుగొనబడినది; ఎలుకలలో గుణము కనిపించినది." ఇంటిల్లిపాదికి ఆశ పుట్టును. ఆ ఆశను ఎంతవరకు పెంచుకొనవచ్చును? ఎలుకకు కుదిరిన జబ్బు మనిషికి కుదురునా? ఈ ప్రశ్ననే నేటి ప్రసంగమునకు విషయముగా గైకొనుచున్నాను.

ముందుగా, ఈ వ్యాధులను పరిశోధించుటకు జంతువు ఏల కావలసివచ్చినదో చూతము. కాలేయమునకు జబ్బు చేసినచో వైద్యుడు సూదితో చిన్న తునకను తీసి పరీక్షింపగలడు. రక్తమునకు జబ్బు చేసినచో నాలుగు బొట్లు చాలును. మెదడు అట్టిది కాదు. అది కపాలమను పెట్టెలో భద్రముగ నున్నది. బ్రతికియున్న మనిషి మెదడునుండి పరీక్ష కొరకు ముక్కను తీయుట సామాన్యముగ జరుగు పని కాదు. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అను లండను వైద్యుడు వర్ణించిన కంపవాతమునే తీసికొనుడు. మెదడు అడుగుభాగమున నల్లని రంగు గల కణముల గుంపొకటి యున్నది. డోపమైను అను రసాయనమును తయారుచేసి, కదలికలను సాఫీగా నడిపించుట ఆ కణముల పని. చేతివణకు బయటపడి రోగి వైద్యుని యొద్దకు వచ్చునప్పటికే ఆ కణములలో పెద్ద భాగము నశించియుండును. అనగా కథ సగము గడచిన తరువాత మనము సభలో ప్రవేశించుచున్నాము. మొదటినుండి చూడవలెనన్నచో, మన కన్నుల యెదుట వ్యాధి ప్రారంభమగు ప్రాణి యొకటి కావలెను. దానినే శాస్త్రజ్ఞులు జంతు నమూనా అందురు.

ఊపిరితిత్తుల క్షయ విషయములో ఈ నమూనా సులభముగనే దొరికినది. రోగి కఫమును గినీపంది చర్మము క్రింద ఎక్కించినచో, అందు క్రిములున్న పక్షమున కొద్ది వారములలో ఆ జంతువునకు క్షయ వచ్చును. ప్రశ్న సూటిది, సమాధానమును సూటిది. అయినను అందు సైతము ఒక హెచ్చరిక లేకపోలేదు. మదరాసు ప్రాంతపు రోగులనుండి తీసిన క్రిములలో అనేకము, ఇంగ్లండు రోగుల క్రిములకంటె గినీపందులయందు తక్కువ తీవ్రత చూపినవని 1960లో ఒక పరిశోధన ప్రకటింపబడెను. అంతమాత్రమున మన దక్షిణదేశపు రోగి జబ్బు తేలికయని ఎవరైన అనగలరా? గినీపంది తన శరీరములో జరిగినదే చెప్పినది; మనిషి శరీరములో జరుగు దానికి అది సాక్షి కాజాలదు.

నాడీక్షయ వ్యాధులలో ఈ చిక్కు పదింతలగును. ఏలన, వీనిలో పెక్కింటికి ఎక్కించుటకు క్రిమి లేదు. ఎలుకలు వాటంతట అవి ముసలివై కంపవాతము తెచ్చుకొనవు. కావున వ్యాధిని కల్పింపవలసియున్నది. ఏదైన విషమును ఇచ్చి కొన్ని నాడీకణములను చంపుట ఒక పద్ధతి. వ్యాధిగ్రస్త కుటుంబములలో కనిపించిన మానవ జన్యువును జంతువులో ప్రవేశపెట్టుట రెండవ పద్ధతి. ఏ పద్ధతియైనను, ఆ జంతువులో ఏర్పడునది మనిషి వ్యాధి కాదు. ఆ వ్యాధి యొక్క ఒక ముఖము మాత్రమే. నాటకములో రాజు వేషము వేసినవాడు కిరీటము పెట్టుకొనును, సింహాసనముపై కూర్చుండును. వానికి రాజ్యము మాత్రము ఉండదు. నమూనా జంతువు సంగతియు అంతియే. అది ఏ ప్రశ్నకొరకు తయారైనదో ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలదు. అడుగని ప్రశ్నకు దాని నోట సమాధానము పలికించుట మన తప్పగును. ఈ మాటకు కొన్ని నిదర్శనములు చూతము.

మొదటి నిదర్శనము మన నేల వాసన గలది. సర్పగంధ మన దేశపు వైద్యులు తరతరములుగా ఉన్మాదమునకు, నిద్రలేమికి వాడిన వేరు. దానినుండి 1952లో రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. స్వీడన్ దేశమున ఆర్విడ్ కార్ల్‌సన్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో ఆ రిసర్పిన్‌ను కుందేళ్లకు ఇచ్చెను. అవి చెవులు వ్రేలాడవేసి, కదలక మెదలక, మట్టిబొమ్మలవలె పడియుండెను. అంతట వానికి డోపా అను పదార్థమును ఎక్కించెను. కొద్ది నిమిషములలో కుందేళ్లు చెవులు నిక్కించి తిరుగసాగెను. 1957లో ప్రకటింపబడిన ఈ ప్రయోగము వలన, మెదడులో డోపమైను తరిగినచో కదలిక స్తంభించుననియు, దానిని భర్తీ చేసినచో కదలిక మరల వచ్చుననియు తెలియవచ్చెను. ఆ కృషికి కార్ల్‌సన్ 2000లో నోబెల్ బహుమానమును పంచుకొనెను.

కుందేళ్లు చెప్పిన మాట మనుషులయందు నిజమగునా యని వియన్నా నగరమున పరీక్షించిరి. కంపవాతముతో మరణించినవారి మెదడులలో డోపమైను మిక్కిలి తక్కువగా నున్నదని హోర్నికీవిచ్ 1960లో చూపెను. మరుసటి యేడు ఆయనయు, బిర్క్‌మేయర్ అను వైద్యుడును ఎడమచేతివాటపు రూపమైన లీవోడోపాను రోగుల రక్తనాళములలో ఎక్కింపగా, మంచము పట్టినవారు లేచి నడచిరి. 1967లో అమెరికాలో కోట్జియస్ అను వైద్యుడు దానిని నోటిద్వారా క్రమక్రమముగా హెచ్చించి యిచ్చు పద్ధతిని స్థిరపరచెను. విశేషమేమనగా, ఈ డోపా మన పొలముగట్ల కంపలపై ప్రాకు దూలగొండి విత్తులలో సమృద్ధిగా ఉన్నది. 1937లోనే మదరాసులో దామోదరన్, రామస్వామి అను రసాయనశాస్త్రవేత్తలు దూలగొండి గింజలనుండి దానిని వేరుచేసిరి. కుందేలును కొయ్యబార్చిన మందు ఈ దేశపు వేరులోనిది. దానిని లేపిన మందు ఈ దేశపు గింజలోను కలదు. ఈ రెంటిని కలిపి చూడగల ప్రశ్న మాత్రము వేరొక దేశమున పుట్టినది.

ఐతే ఆ కుందేళ్లు చెప్పనిదేమి? వాటి మెదడులో నాడీకణములు చావలేదు. కణములు బ్రతికియుండగనే వానిలోని నిల్వ ఖాళీ యైనది. మనిషికో, కణములే నశించుచుండును. కావున లీవోడోపా కొరతను తీర్చును గాని, కణముల నాశనమును ఆపదు. ఏండ్లు గడచినకొలది మోతాదు పెంచవలసివచ్చుట, మందు పనిచేయు వేళలు హ్రస్వమగుట, ఒళ్లు తనంతట వంకరలు తిరుగుట మొదలగు ఇబ్బందులు పెక్కుమందికి కలుగుచున్నవి. ఇది మందు లోపమని నిందించుటకు వీలులేదు. కుందేలును మనము కొరతను గూర్చి అడిగితిమి. అది కొరతను గూర్చియే చెప్పినది. చావును గూర్చి అడుగవలెనన్నచో వేరొక నమూనా కావలెను.

ఆ నమూనా ఒక విపత్తు రూపమున లభించినది. 1982లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కొందరు యువకులు దొంగచాటుగా తయారైన మత్తుమందును ఎక్కించుకొని, కొలది దినములలోనే కంపవాత రోగులవలె బిగుసుకొనిపోయిరి. ఆ మత్తుమందులో కలిసిన ఎం.పి.టి.పి. అను విషము నల్లని కణములను చంపినదని లాంగ్‌స్టన్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1983లో వెల్లడించిరి. అదే విషమును కోతులకిచ్చినప్పుడు వాటికిని ఆ లక్షణములే వచ్చెను. ఎలుకలకిచ్చినప్పుడు మాత్రము అవి చాలవరకు తట్టుకొని నిలిచినవి. ఆ యువకుల సంగతి తెలియక, మొదట ఎలుకలపైననే ఆ పదార్థమును పరీక్షించియుండిన పక్షమున, అది పెద్ద ప్రమాదకారి కాదని వ్రాసియుండెడివారేమో! ఏ ప్రశ్నను ఏ ప్రాణిని అడుగుచున్నామను వివేకము ఇంత ముఖ్యమైనది.

ఇక మన దేశపు వ్యాధినే చూతము. కేసరి పప్పు అను ఒక పప్పు మధ్యభారతమున కరవు కాలములలో బీదల ఆహారము. నీరు లేకున్నను ఆ పైరు పండును. నెలల తరబడి ఆ పప్పునే ముఖ్యాహారముగా తిన్నవారికి, అందును కాయకష్టము చేయు యువకులకు, కాళ్లు బిగిసి, మడమలు పైకి లేచి, కర్రల ఊతతో గాని నడువలేని స్థితి కలుగును. దీనినే లాథిరిజమ్ అందురు. సాగర్ ప్రాంతమున ఇట్టి రోగులను గూర్చి స్లీమన్ దొర పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమునందే వ్రాసియుండెను. పప్పులోని ఏ పదార్థము ఈ అనర్థమునకు మూలము? 1964లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్. ఎల్. ఎన్. రావు, అడిగ, శర్మ అను మువ్వురు ఆ విషమును వేరుచేసి, దాని రసాయన నిర్మాణమును ప్రకటించిరి. అదే సంవత్సరమున మరియొక బృందమును స్వతంత్రముగ దానిని కనుగొనెను. రావుగారు తరువాతి కాలమున హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమున జీవరసాయనశాస్త్ర ఆచార్యులై ఈ పరిశోధనను దీర్ఘకాలము కొనసాగించిరి.

విషమును వేరుచేయుట ఒక యెత్తు. అదియే కాళ్లను పడగొట్టుచున్నదని చూపుట మరియొక యెత్తు. పెరిగిన ఎలుకలకు ఆ విషమును సామాన్య పరిమాణములో ఇచ్చినచో పెద్ద మార్పేమియు కనిపించలేదు. అప్పుడే గ్రుడ్డునుండి వెలువడిన కోడిపిల్లలకు ఎక్కించినచో మెడ వెనుకకు విరిచి, బిగుసుకొని, గిలగిల కొట్టుకొనెను. రక్తములోని పదార్థములు మెదడులోనికి జొరబడకుండ కాపాడు అడ్డుగోడ యొకటి కలదు. పసికూనలలో అది ఇంకను గట్టిపడియుండదు. 1967లో ఆ విషమును కోతుల వెన్నుపాము చుట్టునుండు ద్రవములోనికి ఎక్కింపగా వెనుక కాళ్లకు పక్షవాతము కలిగెను. ఇంత శ్రమపడినను, ఆహారముగా పెట్టి మనిషికి వచ్చునట్టి వ్యాధినే జంతువులయందు నిలకడగా రప్పించుట నేటికిని దుర్లభముగనే యున్నది. ఆకలి, పోషకముల లేమి, నెలల తరబడి వేరే తిండి లేకపోవుట - ఇవి కూడ ఆ వ్యాధిలో పాలుపంచుకొనుచున్నవి. మేత వేసి పెంచిన ప్రయోగశాల జంతువునకు ఆ కరవు ఎక్కడిది? ఐనను కోడిపిల్లయు, కోతియు చెప్పినదానితోనే ప్రజలకు ఉపకరించు మాట దొరికినది: పప్పును విస్తారమైన నీటిలో నానబెట్టియో, ఉడికించియో ఆ నీటిని పారబోసినచో విషము చాలవరకు తగ్గును, అన్నిటికంటె మేలు, ఆ పప్పునే ముఖ్యాహారము చేసికొనకుండుట. కందిపప్పులోను, శనగపప్పులోను దీనిని కల్తీ చేయు వర్తకులు ఉందురు గనుక గృహిణులు దీనిని గుర్తించి యుండవలెను.

ఇంతవరకు చెప్పినవి విషముతో చేసిన నమూనాలు. జన్యువుతో చేసిన నమూనాకు ఆల్జైమర్ వ్యాధి ఉదాహరణము. 1906లో జర్మను వైద్యుడు ఆల్జైమర్ వర్ణించిన ఈ మతిమరుపు వ్యాధిలో మెదడునందు ఒకవిధమైన మాంసకృత్తు ముద్దలు కట్టును. మానవ జన్యువును ప్రవేశపెట్టిన చిట్టెలుకల మెదడులో అట్టి ముద్దలు ఏర్పడును. 1999లో ఒక టీకాను ఆ చిట్టెలుకలకు ఇచ్చినచో ముద్దలు కట్టుట ఆగినదని ప్రకటింపగా లోకమంతయు సంతోషించెను. మనుషులపై పరీక్ష ప్రారంభమయ్యెను. 2002లో దానిని ఆపివేయవలసి వచ్చెను. టీకా పొందిన దాదాపు 300 మందిలో 18 మందికి మెదడును, దాని పొరలును వాచినవి. చిట్టెలుకలు ఈ ఆపదను ముందుగా చూపలేదు. తరువాత మరణించిన కొందరి మెదడులను పరీక్షింపగా ముద్దలు చాలవరకు తొలగియే యున్నవి; అయినను వారి మతిమరుపు ముదురుట మానలేదు. ముద్దలు తొలగునా యని చిట్టెలుకను అడిగితిమి. తొలగునని చెప్పినది, అది నిజమే. జ్ఞాపకము నిలుచునా యను ప్రశ్నకు ముద్దలు లేని చోటు సమాధానము కాజాలకపోయినది. ఆ మార్గముననే పయనించి, లెకానెమాబ్ అను మందు 2023లో అమెరికాలో పూర్తి ఆమోదము పొందెను. అదియు వ్యాధి వేగమును కొంత తగ్గించునది మాత్రమే, మాన్పునది కాదు.

కావున పత్రికలో వార్త చదివినప్పుడు మీరు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. గుణము కనిపించినది ఏ ప్రాణియందు? ఆ ప్రాణికి జబ్బు తనంతట వచ్చినదా, లేక మనిషి కల్పించినదా? మందును జబ్బు రాకముందు ఇచ్చిరా, వచ్చిన తరువాతనా? కుదిరినదని చెప్పునది ఏది - కణమా, నడకయా, జ్ఞాపకమా? ఈ నాలుగింటికి సమాధానము వెదకునప్పటికి వార్తలోని వన్నె కొంత తగ్గి, నిజమెంతయో నిలుచును. మూడవ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. పెక్కు ప్రయోగములలో మందు ముందుగనో, విషముతోపాటుగనో ఇవ్వబడును. మన తాతగారికి మాత్రము జబ్బు ముదిరిన తరువాతనే మందు అందును.

ఇప్పుడు కళాశాలల సంగతి. నిమ్మనపల్లె నుండియో, పుంగనూరు నుండియో బయలుదేరి మదనపల్లెలో జంతుశాస్త్రము చదువు విద్యార్థికి ఇట్టి పరిశోధనలో చేయి వేయు అవకాశము కలదా? కలదు, ఐతే ముందుగా చట్టమును తెలిసికొనవలెను. జంతు హింసా నివారణకై 1950లలో రాజ్యసభలో బిల్లును ప్రవేశపెట్టినవారు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్. మదనపల్లెలో 1915లో కళాశాలను నెలకొల్పిన అనీబిసెంటమ్మ శిష్యవర్గములోని వారామె. ఆమె కృషి ఫలితముగా 1960లో జంతు హింసా నివారణ చట్టము వచ్చెను. 1998 నాటి నియమముల ప్రకారము జంతువులపై ప్రయోగములు చేయు సంస్థ రిజిస్టరు కావలెను. నైతిక సంఘమొకటి ప్రతి ప్రయోగమును ముందుగా పరిశీలించి అనుమతింపవలెను. 2011లోను, 2014లోను విశ్వవిద్యాలయ నిధుల సంఘము డిగ్రీ, పోస్టుగ్రాడ్యుయేటు పాఠ్యక్రమములలో జంతువుల కోతలను మానిపించెను. అనుమతి లేని కళాశాలలో ఎలుకలను తెచ్చి విషము పెట్టుట నేరమే గాక, నిష్ప్రయోజనము కూడ. నాలుగు ఎలుకలతో ఏ సత్యమును తేలదు.

మరి యేమి చేయవలెను? మదనపల్లె టమోటా మండీలో పారవేసిన కుళ్లు పండ్ల చుట్టు ముసురుకొను సన్నని ఈగలను చూచియుందురు. మామిడికాయను తొలచు పురుగునకు తల్లియైన ఈగ వేరు. ఇది అంతకంటె చిన్నది, ఎర్రని కన్నులు గలది. ఈ జాతి ఈగలలో ఒకటైన డ్రోసొఫిలాను సీసాలలో పెంచి, అమెరికాలో మోర్గాన్ అను పండితుడు 1910 మొదలుకొని వంశపారంపర్య సూత్రములను నిర్ణయించి 1933లో నోబెల్ బహుమానము పొందెను. దానికి తిండి మొక్కజొన్న పిండి, బెల్లము, ఈస్టు. పది దినములలో ఒక తరము ముగియును. రెండు మూడు మాసములలో ముసలిదై చచ్చును. మానవ వ్యాధులతో సంబంధముగల జన్యువులలో దాదాపు నాలుగింట మూడు వంతులకు దానియందు జ్ఞాతులున్నవి. దాని మెదడులో సుమారు 1,39,000 నాడీకణములున్నవని, వాని పరస్పర సంబంధముల పటమును 2024లో ప్రకటించిరి. మనిషి మెదడులో అవి సుమారు 8,600 కోట్లు. కంపవాతముతో సంబంధము గల మానవ జన్యువును ఈ ఈగలో ప్రవేశపెట్టినచో, వయస్సుతోపాటు దాని డోపమైను కణములు తరిగి, గోడనెక్కు శక్తి సన్నగిల్లునని 2000లో ఫీనీ, బెండర్ అను శాస్త్రజ్ఞులు చూపిరి.

గోడనెక్కు శక్తి యన్నాను. దానిని కొలుచుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. ఈగలను గాజుగొట్టములో నుంచి బల్లపై మెల్లగ తట్టినచో అన్నియు అడుగునకు జారును. వెంటనే పైకి ప్రాకుట వాటి స్వభావము. గొట్టముపై ఒక గీత గీసి, పది సెకనులలో ఎన్ని ఆ గీతను దాటినవో లెక్కించుటయే పరీక్ష. డెర్రిస్ జాతి మొక్కల వేళ్లలో నుండు రోటినోన్ అను విషమును మేతలో కలిపినచో ఈగల ప్రాకుడు మందగించునని 2004లో తెలిసినది. ఇది మనుషులకును విషమే గనుక ఉపాధ్యాయుని యెదుట, చేతొడుగులతో తప్ప ముట్టరాదు. కళాశాల, విశ్వవిద్యాలయముల అనుమతి పొందియే పని ప్రారంభింపవలెను.

ఈ సులభమైన పరీక్షలోనే శాస్త్రమంతయు ఇమిడియున్నది. విషము తినిన ఈగల ప్రక్కన విషము తినని ఈగలు ఉండవలెను. రోటినోన్ నీటిలో కరగదు గనుక వేరొక ద్రావణిలో కరగించి కలుపుదురు. విషము లేని సీసాలోను ఆ ద్రావణి అంతియే ఉండవలెను. లేనియెడల మందగించుటకు కారణము విషమో, ద్రావణియో తెలియదు. ఆడ మగ ఈగలను వేరుచేయవలెను. వయస్సు సమానముగ నుండవలెను. లెక్కించువానికి ఏ సీసా ఏదో తెలియరాదు. తెలిసినచో కన్ను మనస్సు కోరినదానినే చూచును. ఒకనాటి లెక్క చాలదు. వేర్వేరు సీసాలతో మరల మరల చేయవలెను.

మన ప్రాంతపు విద్యార్థులకు తరచు కలుగు కోరిక యొకటి ఉన్నది. సరస్వతి ఆకు మేధకు మంచిదని పెద్దలు చెప్పిరి గదా, దాని రసమును ఈగల మేతలో కలిపి చూతమా యని. చక్కని కోరికయే. రసము కలిపిన సీసాలో ఈగలు బాగుగ ప్రాకినవనుకొనుడు. సరస్వతి ఆకు కంపవాతమును మాన్పునని వ్రాయవచ్చునా? ఆగుడు. ఆకు చేదునకు ఈగలు మేత తక్కువగా తిన్నవేమో! మేత తక్కువైనచో విషమును తక్కువే గదా! మేతలో హానిలేని రంగును కలిపి, ఈగల పొట్టలో ఆ రంగు ఎంత చేరినదో కొలచినచో ఈ సందేహము తీరును. ఈ ఒక్క కొలత లేనందున ఎన్నో ఆకుల కీర్తి కేవలము మేత తినని ఈగల పుణ్యమై యుండవచ్చును. పరీక్ష తరువాత విద్యార్థి వ్రాయదగిన వాక్యము ఇంతియే: "ఈ మోతాదులో, ఈ విషము తినిన ఈగలు, ఈ రసము వలన ఇంత మేలుగా ప్రాకినవి." మనిషి మాట అందు ఉండరాదు. ఈ పనిలో రుచి కలిగినవారు కుప్పములో 1997లో నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయమువంటి చోట్ల జీవసాంకేతిక శాస్త్రమును పై తరగతులలో అభ్యసింపవచ్చును. ఎలుకలతో పని అవసరమైననాడు, అనుమతులుగల సంస్థలో, శిక్షణ పొందిన తరువాత, చేయవచ్చును.

1959లో రస్సెల్, బర్చ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు ప్రయోగకర్తలకు మూడు నియమములు చెప్పిరి. జంతువు లేకుండ సాధ్యమైనచో జంతువును వాడకుడు. తప్పనిసరియైనచో వీలైనంత తక్కువ సంఖ్యలో వాడుడు. వాడిన దానికి బాధ వీలైనంత తగ్గింపుడు. ఇవి కేవలము దయకు సంబంధించిన మాటలని తలంపరాదు. పోలిక సీసా లేని ప్రయోగములో, లెక్క తప్పిన ప్రయోగములో ప్రాణులు చచ్చును గాని ప్రశ్న మిగిలియే యుండును. మరల వేరొకడు వేరే ప్రాణులతో దానినే చేయవలసి వచ్చును. భయముతో, బాధతో వణకు ఎలుక వణకును జబ్బు వణకని వ్రాసికొను ప్రమాదమును కలదు. ప్రాణిని చక్కగ చూచుకొనుటయు, ప్రశ్నను చక్కగ వేయుటయు వేరు వేరు ధర్మములు కావు.

చివరకు గృహస్థులతో ఒకటి రెండు మాటలు. చేతివణకు గాని, మతిమరుపు గాని కనిపించినచో వయస్సు మీదికి నెట్టక నాడీవైద్యునికి చూపుడు. వణకులన్నియు కంపవాతము కావు. మరపులన్నియు ఆల్జైమర్ వ్యాధియు కావు. థైరాయిడు లోపము, కొన్ని విటమినుల లేమి, కొన్ని మందుల దోషము వలన కలుగునవి సరియైన చికిత్సతో చాలవరకు తగ్గును. వైద్యుడిచ్చిన మందును పత్రికలోని వార్తను చూచి ఎన్నడును మానరాదు. లీవోడోపాను హఠాత్తుగ ఆపుట ప్రాణాపాయమునకు సైతము దారితీయవచ్చును. దూలగొండిలో డోపా ఉన్నదని ఇంటివద్ద గింజలు దంచి త్రాగరాదు. గింజ గింజకును దాని పాలు మారును, వాడుచున్న మందుతో కలిసి మోతాదు మించును. ఇక ప్రారంభమున వేసిన ప్రశ్న. ఎలుకకు కుదిరిన జబ్బు మనిషికి కుదురునా? కొన్నిసార్లు కుదిరినది, లీవోడోపా అందుకు సాక్షి. పెక్కుసార్లు కుదురలేదు. ఏది యెట్టిదో తేల్చునది మనుషులపై జాగ్రత్తగ జరుగు పరీక్ష యొక్కటే. అంతవరకు ఎలుక తెచ్చిన వార్తను వినుడు, సంతోషింపుడు. మందు పెట్టెను మాత్రము మార్చకుడు.